టౌనో బావ బిగించిన మెట్టు

మా మిషిగన్ ఉత్తరాన నవంబరు పదిహేను వచ్చిందంటే పెళ్ళిళ్ళైనా ఆగాల్సిందే. ఆ రోజు జింకల వేట మొదలు. బడులకు సెలవు. పాస్టరు కూడా తుపాకీ తుడుచుకుంటూ కనిపిస్తాడు. రెండేళ్ళ కిందట సరిగ్గా దానికి ముందురోజే మా ఎల్మక్క తన పికప్ ట్రక్కును నా షెడ్డుకు తెచ్చింది.

"ఒరే ఒన్నీ, మెట్టు కింద తుప్పు రాలుతోందిరా. మీ బావ బిగించింది, కాస్త జాగ్రత్తగా చూడు," అంది.

ఆ ట్రక్కు బాగా ఎత్తు. అక్క మోకాళ్ళు అరిగిపోయాయి. అందుకని టౌనో బావ, ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడబోయే ముందు, గొట్టపు మెట్లు రెండు కొనుక్కొచ్చి తన చేత్తోనే బండికి బిగించాడు. ఎనిమిది బోల్టులకు నాలుగు రోజులు పట్టింది. ఒక్కోటి తిప్పాక నేలమీద కూర్చుని దగ్గేవాడు. ఆయన పోయాక అక్క ఆ మెట్టెక్కే చర్చికీ కొట్టుకీ వెళ్ళేది.

తుప్పు పని నాకేం కొత్త కాదు. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు తిన్న బండ్లే నలభై ఏళ్ళుగా నాకు తిండి పెట్టాయి. గొట్టం లోపలి ఉప్పు పోయేలా నీళ్ళు కొట్టాలి. తెల్లటి ఇనుము తేలేదాకా తుప్పు గీకాలి. పూర్తిగా ఆరాకే రంగు. గొట్టం అడుగున నీరు కారడానికి రెండు చిల్లులుంటాయి, వాటిని మాత్రం మూయకూడదు. ఇదంతా రెండు రోజుల పని, నా మనసేమో అప్పటికే అడవిలో ఉంది. పైపైన పొక్కులు గీకి, చిక్కటి నల్లరంగు దట్టంగా పట్టించేశాను. చిల్లులు పూడిపోవడం చూశాను కూడా. వేట నుంచి వచ్చాక తెరుద్దాంలే అనుకున్నాను. జింక పడింది, చిల్లుల సంగతి మరిచిపోయాను.

"కొత్తదానిలా చేశావురా!" అని అక్క మురిసిపోయింది. పైన పటారం, లోన లొటారమని నాకొక్కడికే తెలుసు.

ఈ ఫిబ్రవరిలో చర్చి ముందు ఆ మెట్టు అక్క కాలికింద విరిగింది. గడ్డకట్టిన మంచు మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది.

నేను మాంసం, దుంపలు కూరిన వేడి పాస్టీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళేసరికి మేనకోడలు లారీన్ మంచం పక్కన కూర్చుని ఉంది.

"నాన్న పనెప్పుడూ అంతేగా అమ్మా! ఆయన పెట్టిన తలుపు ఈనాటికీ మూసుకోదు. పైగా జబ్బు మనిషి, బోల్టులేం బిగిస్తాడు?" అంటోంది.

అక్క గోడవైపు చూస్తూ, "నన్ను ఎక్కించడానికని అంత ఆయాసపడ్డాడే. అదే నన్ను పడేసింది. ఆ ట్రక్కు అమ్మేయ్, నేను చూడలేను," అంది.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నోరు మూసుకుంటే చాలు, నేరం పోయినవాడి మీదికి పోతుంది. ఆయన లేచొచ్చి కాదనడు. నా మీద నాకే అసహ్యమేసింది.

"బావ తప్పేం లేదక్కా," అన్నాను. "తుప్పు గీకకుండా రంగేసింది నేను. నీళ్ళు కారే చిల్లులు పూడ్చేసిందీ నేనే. ఉప్పునీళ్ళు లోపలే నిలిచి గొట్టాన్ని తినేశాయి. వేటకి ఆలస్యమవుతోందని అలా చేశాను."

"జింక కోసమా మామయ్యా?" లారీన్ లేచి నిలబడింది. "ఆ మాంసం మాకూ పంపావు కదా! మేం తిన్నాం కదా!"

అక్క నావైపు తిరిగింది.

"మరి బోల్టులు?"

"ఎనిమిదీ గట్టిగా ఉన్నాయక్కా. విరిగిన మెట్టు నిన్న విప్పబోతే నా పానాయే జారింది, అవి కదల్లేదు."

అక్క కళ్ళు మూసుకుంది. రెప్పల కిందనుంచి నీళ్ళు కారి దిండు తడిసింది.

"పోరా ఇక్కణ్ణించి. రేపు రాకు. నీ మొహం చూస్తే ఏమంటానో నాకే తెలీదు."

పాస్టీ బల్లమీద పెట్టి బయటికి నడిచాను. నేను గుమ్మం దాటుతుంటే అక్క గొంతు వినిపించింది.

"లారీన్, ట్రక్కు అమ్మొద్దే. మీ నాన్న బాగానే బిగించాడు."