ఇది బాగుందా, ఇదా?

ఆదివారం అక్క సోఫా నా ఇంటికి వస్తోందని అమ్మ ఫోన్ చేసింది. అడగలేదు, చెప్పింది. అక్క హాల్లో కొత్త సోఫా దిగింది కాబట్టి పాతది నా హాల్లో దిగాలి. మా ఇంట్లో వస్తువులు నీళ్ళలాగా పైనుంచి కిందికే పారతాయి. పైన అక్క, కింద నేను.

అక్క గౌన్లు నేనే తొడుక్కున్నాను. అక్క పుస్తకాలు, అక్క సైకిలు, అక్క గొడుగు అన్నీ నాకే వచ్చాయి. ఆఖరికి నాకు చూపు తగ్గితే అక్క పాత కళ్ళజోడు ఫ్రేములోనే నాకు అద్దాలు వేయించారు. అక్కది వెడల్పు మొహం. ఆ జోడు నా ముక్కు మీద నిలిచేది కాదు. బడిలో నాకు జారుడుబల్ల అని పేరు పడింది.

ఇప్పుడు కళ్ళద్దాల షాపులోనే ఉద్యోగం చేస్తున్నాను. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా, ఇదా?" అని అడగడం నా పని. చాలామంది టక్కున చెప్పేస్తారు. కొందరు మాత్రం ఎదురుగా ఉన్న అక్షరాలు వదిలేసి నా మొహంలోకి చూస్తారు. ఏది చెబితే నేను ఔనంటానో వెతుక్కుంటారు. అలాంటివాళ్ళు వస్తే నేను గోడవైపు తిరిగి నిలబడతాను. కాసేపు తంటాలు పడి వాళ్ళే చెబుతారు.

అలా ఎంతమందిని అడిగానో లెక్కలేదు. ఆ ప్రశ్న నన్ను మాత్రం ఎవ్వరూ అడగలేదు.

హాస్టళ్ళు, మేనత్తగారి ముందుగది దాటుకుని నా అంతట నేను అద్దెకు తీసుకున్న మొదటి ఇల్లు ఇది. చిన్న హాలు, పడకగది, ఇద్దరు నిలబడితే ఒకరు బయటికి రావాల్సిన వంటగది. పొద్దున్నే కిటికీలోంచి ఎండ వచ్చి హాల్లో నేలంతా పరుచుకుంటుంది. ఆ సోఫా సంగతి నాకు తెలుసు. ముదురు గోధుమరంగు, ఏనుగంత ఒళ్ళు, చేతుల్లో గ్లాసులు పెట్టుకోవడానికి గుంటలు. అది వచ్చి కూర్చుంటే హాలు దానిదే, నేను దాని పక్కన అద్దెకుండాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. వద్దంటే అమ్మ చెవిన వేసుకోదు. ఆదివారంలోగా హాలు నింపేసి, చోటు లేదని చూపించాలనుకున్నాను.

బస్టాండు వెనక సందులో పాత సామాన్ల కొట్టు ఉంది. యజమానిని అందరూ తలనొప్పి బాబాయి అంటారు. ఎవరైనా బేరం మొదలుపెట్టగానే రెండు చేతులతో తల పట్టుకుంటాడు. మొదటిరోజు అక్కడినుంచి ఒక గాజు టీపాయి తెచ్చుకున్నాను. హాల్లో పెట్టి చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. అచ్చం అక్క ఇంట్లో ఉన్నదానిలాంటిదే. ఎవరూ అంటగట్టకపోయినా నా అంతట నేనే అక్క పాత వస్తువు కొనుక్కొచ్చాను.

మర్నాడు దాన్ని వెనక్కి తీసుకెళితే బాబాయి తల పట్టుకున్నాడు.

"నీకేం కావాలో నీకే తెలీకపోతే నేనేం ఇచ్చేదమ్మాయ్?"

నాకు రోషం వచ్చింది. ఆయన అన్నది నిజం కావడంతో ఇంకా ఎక్కువ వచ్చింది. సరే, నాకు వచ్చిన పని ఒక్కటే కదా, అదే చేద్దామనుకున్నాను. రెండు కుర్చీలు పక్కపక్కన పెట్టి నన్ను నేనే అడిగాను, ఇది బాగుందా, ఇదా? గెలిచినదాని పక్కన ఇంకోటి పెట్టాను. బాబాయి ముందు విసుక్కున్నాడు, తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని తమాషా చూశాడు. షాపు అయిపోగానే రోజూ అక్కడే తేలాను.

మెల్లగా తెలిసింది. నాకు సన్నకాళ్ళ సామాను ఇష్టం. కింద నేల కనిపించాలి, ఎండ దూరి అవతలికి వెళ్ళాలి. నీలం ఇష్టం, అదీ చేతులు తగిలి తగిలి వెలిసిన నీలం. ఒకదానికొకటి జత కుదరకపోతే మరీ ఇష్టం. ఇన్నేళ్ళు ఈ ఒంట్లోనే ఉంటూ ఈ మాత్రం తెలియలేదంటే నామీద నాకే జాలేసింది. ఆ పైన పిచ్చి సంతోషమూ వేసింది.

ఆదివారానికి హాల్లో ఏ క్లినిక్కులోదో నీలం బెంచి, కుట్టుమిషను స్టాండు మీద చెక్క వేయించిన బల్ల, పసుపురంగు గుడ్డ గొడుగున్న దీపం, దాని పక్కన తెల్ల గాజు దీపం ఉన్నాయి. దీపాలు రెండూ కావాలనిపించి రెండూ తెచ్చేశాను. ఇంత చేసినా హాలు నిండలేదు. సోఫాకి చోటుంది. అయినా నాకేం కావాలో తెలిశాక, చోటు లేదని అబద్ధమాడే అవసరం పోయింది.

వ్యాను వచ్చింది. అమ్మ ముందు, అక్క వెనక పైకి వచ్చారు. అమ్మ బెంచిని చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇదేంటే, ఆస్పత్రిలా? ఎవరెవరు కూర్చున్నారో ఏమో దీనిమీద!"

"సోఫామీద ఎవరు కూర్చున్నారో నాకు బాగా తెలుసమ్మా. బావ చెమటబనీనుతో సహా తెలుసు."

అక్క మొహం మాడ్చుకుంది. అమ్మ గయ్యిమంది. "ఊరికే వచ్చే పాతది వద్దంట, కొనుక్కున్న పాతది ముద్దంట! ఏం తేడా ఉందే రెండిటికీ?"

"అది నాకు వచ్చింది. ఇవి నేను తెచ్చుకున్నాను. అదే తేడా. సోఫా గుమ్మం దాటదు."

కింద నుంచి వ్యాను డ్రైవరు కేకేశాడు. "పైకి ఎక్కించమంటారా అమ్మా?" ముగ్గురం ఒకేసారి అరిచాం. ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. నేను వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. రెండు చేతులూ చాపి తలుపు చట్రం పట్టుకున్నాను.

"నా వస్తువంటే అంత లోకువా నీకు?" అంది అక్క. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అది నీకెప్పుడైనా నచ్చిందా అక్కా?"

"నచ్చడమేంటి? సోఫా అది. మీ బావ తెచ్చారు. కొత్తదీ ఆయనే తెచ్చారు."

అక్కకి ఎప్పుడూ కొత్తవే కదా అని నేను కుళ్ళుకున్న ఏళ్ళన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. గౌన్లు అమ్మ ఎంచింది, సామాను బావ ఎంచాడు. అక్కనీ ఎవరూ అడగలేదు.

అక్క చెయ్యి పట్టుకుని బెంచిమీద కూర్చోబెట్టాను. పసుపు దీపం వెలిగించాను. దాన్ని ఆర్పి తెల్లది వెలిగించాను.

"ఇది బాగుందా, ఇదా?"

అక్క అమ్మ మొహంలోకి చూసింది. నేను వెళ్ళి అమ్మకి అడ్డంగా నిలబడ్డాను. అక్క నా మొహంలోకి చూసింది. నేను గోడవైపు తిరిగాను. వెనక దీపం స్విచ్చు టక్కుమంది, మళ్ళీ టక్కుమంది.

"పసుపుది," అంది అక్క. గొంతు కొత్తగా ఉంది. "ఇది నాకిస్తావా?"

అమ్మ అందుకుంది. "ఇచ్చెయ్యవే, అక్క నోరు తెరిచి అడిగింది."

నాకూ ఆ పసుపుదే ప్రాణం. క్షణం మనసు మెత్తబడింది కూడా.

"ఇవ్వను. అది నాది. నీకు కావాలంటే కొట్టు చూపిస్తా, నువ్వే ఏరుకో."

అక్క కోపగిస్తుందనుకున్నాను. చెప్పులేసుకుని ముందుగా మెట్లు దిగింది.

అమ్మ రానని బెంచిమీదే బిగుసుకుని కూర్చుంది. మేమిద్దరం డ్రైవరు పక్కన ఇరుక్కుని, వెనక సోఫాతో సహా బస్టాండు సందుకి వెళ్ళాం. బాబాయి సోఫాని చూసి తల పట్టుకున్నాడు, అయినా దింపించుకున్నాడు. ఎవరో ఒకరు దాన్ని చూసి ఇష్టపడకపోరు.

అక్క లోపలికి వెళ్ళింది. దుమ్ము పట్టిన కుర్చీల మధ్య చేతులు కట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది.

నేను బయటికి వచ్చేసి, వీధివైపు తిరిగి నిలబడ్డాను.