గట్టు దాటిన మందు

పాపకు జ్వరమని వారం రోజులు పొలం వైపు రాని లందువాన్, ఆ ఉదయం గట్టు చూసి నిలబడిపోయింది. పచ్చగా ఉండాల్సిన గడ్డి తన మడి అంచుదాకా పసుపుబారి వాలిపోయింది.

పక్క మడిలోంచి ఖంఫన్ బాబాయ్ చెయ్యూపాడు. "చంటిపిల్లతో నీకు కలుపు తీసే తీరికెక్కడిదమ్మాయ్? నా వైపు కొడుతూ నీ వైపూ కొట్టేశా. సర్కారోళ్లు సగం ధరకిచ్చిన మందేలే."

"నాది మందుల్లేని సాగు బాబాయ్. మరిచిపోయావా?"

"మడిలో కొట్టలేదుగా. గట్టునెవరు తింటారు?"

లందువాన్ దారి వైపు చూసింది. సంఘం పెద్ద సంలీ పెద్దమ్మ తనిఖీకి వచ్చేది ఈ పూటే. యసోథోన్ ప్రాంతంలోని ఆ పల్లెలో మందులు మానినవాళ్లకు సర్కారు సాయం సంఘం ద్వారానే వస్తుంది. ఒకరు దాచిన తప్పు బయటపడితే అందరికీ ఆగిపోతుంది. నిజం చెబితే సాయం జాబితాలోంచి తన మడి ఒక్కటే పోతుంది. అయితే మూడేళ్ల కష్టం మళ్లీ మొదటికొస్తుంది.

ఆమె కొడవలి అందుకుంది. చెట్టుకు కట్టిన ఊయలలో పాప ఏడుస్తున్నా ఆగకుండా పసుపు గడ్డిని కోసి పొదల్లోకి విసరసాగింది.

"అమ్మా, కూర కోశా."

పెద్దకూతురు ప్లోయ్. గౌను ఒడినిండా గట్టు అంచున ఇంకా పచ్చగా మిగిలిన ఆకు. రోజూ జిగురన్నంలో వాళ్లు నంజుకునేది అదే. ఒక ఆకు అప్పటికే పిల్ల నోట్లో ఉంది.

కన్నవాళ్లకు ఆ క్షణం వివరించక్కర్లేదు. లందువాన్ పిల్ల నోట్లోంచి ఆకు లాగేసి, నీళ్లు పోసి పుక్కిలింపించింది. ఖంఫన్ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

అంతలో సంలీ వచ్చింది. "నేనొస్తున్నానని గట్టుకు గుండు గీయించావేమే?"

ఔనంటే సరిపోయేది. లందువాన్ కొడవలి కింద పెట్టేసింది. "మందు పడింది పెద్దమ్మా. నా మడిని పక్కన పెట్టు."

"తప్పు నాదైతే దీని మడినెందుకు పక్కన పెడతావ్?" ఖంఫన్ గట్టెక్కి వచ్చాడు. "కొట్టమని నాకు మందిచ్చిందీ ఆ వ్యవసాయ ఆఫీసే, కొట్టొద్దని దీనికి డబ్బిచ్చిందీ ఆ ఆఫీసే. నాకూ మానేయాలనే ఉంది. మానేశాక దిగుబడి పడిపోయే ఏళ్లలో నా ఇల్లెవరు నడుపుతారు?"

సంలీ పొదల్లోంచి పసుపు గడ్డి పిడికెడు తీసి చూసింది. "దీని మడిని తీసెయ్యక తప్పదు. కానీ ఈ మాట నాకు కాదు, ఆఫీసులో చెప్పు. రేపు ముగ్గురం పోదాం."

"వింటారా పెద్దమ్మా?" అంది లందువాన్, ప్లోయ్ తడి ముఖాన్ని కొంగుతో తుడుస్తూ.

"వినేదాకా చెబుదాం. ఒక మడికి సాయమూ పక్క మడికి మందూ ఇస్తే ఏ నేలా బాగుపడదు. ఇస్తే ఒకే కాలవ నీళ్లు తాగే పొలాలన్నిటికీ కలిపి ఇవ్వాలి. మనం గీసుకున్న గట్లు మందుకు తెలియవు, పిల్లల ఆకలికీ తెలియవు."