కారుకి ఎదురొచ్చే మనిషి

మొగల్తూరు పక్కన ఒక ఊళ్ళో వెంకటపతిరాజు గారింటి నుంచి ఎవరైనా బయల్దేరుతున్నారంటే, బయల్దేరే మనిషి కంటే ఇంట్లో మిగిలేవాళ్ళకే ఎక్కువ పని ఉండేది. పిల్లిని వంటింట్లో పెట్టి తలుపు వేసేవారు. జలుబు చేసినవాళ్ళు ఎక్కడ తుమ్మిపోతారోనని పెరట్లోకి తరిమేవారు. వెంకటపతిరాజు గారి భార్య, పెద్దకోడలు సుప్రజ మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, నీళ్ళ చెంబు పట్టుకుని వీధి గేటు దగ్గరికి వెళ్ళేది, బండి కదిలే వేళకి ఎదురు రావడానికి. ఇంత తతంగమూ అయ్యాక ఆయన ముసలితల్లి అప్పాయమ్మ మంచం మీంచి లేచి, "అలివేలూ, పదమ్మా" అనేది. ఆవిడా, చిన్నకోడలు అలివేలుమంగా వెళ్ళి సామాన్ల గదిలో కూర్చునేవారు.

ఇద్దరికీ భర్తల్లేరు. అప్పాయమ్మకి ఆ గదితో నలభై ఏళ్ళ పరిచయం. అలివేలుమంగ మాత్రం కొత్తగా వచ్చి చేరింది. వెళ్ళమని ఆవిడకి ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఇత్తడి గంగాళాల మధ్య పీటలు వేసుకుని, బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా అత్తాకోడళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. తమ నీడ పడి వెళ్ళేవాళ్ళకి ఏ కీడు మూడుతుందోనని, నిజానికి ఇంటిల్లిపాది కంటే వాళ్ళిద్దరికే ఎక్కువ భయం.

అలివేలుమంగ భర్త రామభద్రరాజు, వెంకటపతిరాజు గారి తమ్ముడు. రొయ్యల చెరువు గట్టు మీద మోటారు వైరు తగిలి పోయాడు. అప్పటికి కూతురు ఇంద్రజ పదో తరగతి చదువుతోంది. ఆయనకి తెల్ల అంబాసిడర్ కారొకటి ఉండేది. భార్య గేటు వైపు నుంచి ఎదురు రానిదే ఆయన తాళం తిప్పేవాడు కాదు. పొయ్యి మీద పాలు పెట్టి ఆవిడ రాలేకపోతే, పాలు కాగేదాకా స్టీరింగు ముందు కూర్చుని హారన్ కొట్టేవాడు. "రాజుగారి కారు పెట్రోలు మీద కాదర్రా, పెళ్ళాం మొహం మీద నడుస్తుంది" అని చెరువుల మీద పనివాళ్ళు నవ్వుకునేవారు. ఆవిడకి సిగ్గేసేది. లోపల్లోపల ఎంత గర్వంగా ఉండేదో ఆవిడకే తెలుసు.

ఆయన పోయాక కారు అన్నగారి చేతికి వచ్చింది. మొరాయించడమూ అప్పుడే మొదలైంది. ఆ మొరాయింపుకీ ఒక వరసా పాడూ లేదు. పాలేరుకి కడుపునొప్పి వచ్చిందని ఉన్నపళంగా నరసాపురం పరిగెత్తాల్సి వస్తే ఒక్క తిప్పుకే అందుకునేది. పంచాంగం చూసి, వర్జ్యం తప్పించి, మంచి గడియలో బయల్దేరితే మాత్రం సెల్ఫ్ గిర్రున తిరిగేది గానీ ఇంజను అందుకునేది కాదు. డ్రైవర్ చిట్టియ్య నలుగుర్ని కేకేసి వీధి చివరిదాకా తోయించినా లాభం ఉండేది కాదు. అందరికీ శకునం చెప్పే బల్లి తాను వెళ్ళి కుడితిలో పడిందన్నట్టు, ఊరందరికీ ప్రయాణాలకి మంచిరోజు చూసిపెట్టే వెంకటపతిరాజు గారు, తన ముహూర్తం దాటిపోయాక చెమటలు కక్కుతూ బస్సెక్కేవారు.

బ్యాటరీ మార్చారు. ప్లగ్గులు మార్చారు. ఎర్త్ వైరు కొత్తది వేశారు. ఆఖరికి నరసాపురం నుంచి మెకానిక్ సురేష్‌బాబుని పిలిపించారు. అతను పొద్దున్నే వచ్చి బానెట్ ఎత్తి, పాయింట్లు గీకి, కాయిల్ మార్చి, తాళం తిప్పి చూశాడు. తిప్పిన ప్రతిసారీ కారు బుద్ధిగా స్టార్టయింది.

"డాక్టర్ని చూసి జ్వరం పారిపోయినట్టుందండీ దీని పని" అన్నాడతను.

ఆ రోజు ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు. అందుకని అలివేలుమంగ వాకిట్లో మినుములు ఆరబోసుకుంటూ కారుకి ఎదురుగానే తిరుగుతోంది.

భోజనాలయ్యాక, ఎలాగూ బాగుపడింది గనక ఒకసారి నరసాపురం దాకా వెళ్ళొద్దామన్నారు వెంకటపతిరాజు గారు. ప్రయాణం అన్న మాట చెవిన పడగానే అత్తాకోడళ్ళు లేచి లోపలికి వెళ్ళిపోయారు. చిట్టియ్య తాళం తిప్పాడు. ఇంజను అందుకోలేదు.

గదిలో కూర్చుని అలివేలుమంగ ఆ చప్పుడు వింది. కాసేపు తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగి, ఎవర్నో పేరు పెట్టి పిలుస్తున్నట్టుండేది ఆవిడకి. ఎవర్నో ఆవిడకి ఎప్పుడో తెలుసు. తన నోటితో తాను ఎలా చెప్పుకుంటుంది?

"ఇందాకటికీ ఇప్పటికీ ఏం మారిందండీ?" అని అడిగాడు సురేష్‌బాబు.

"ఏం మారలేదే. అమ్మగార్లిద్దరూ లోపలికెళ్ళారంతే" అన్నాడు చిట్టియ్య.

"అయితే ఒకసారి రమ్మనండి, చూద్దాం."

ముందు అప్పాయమ్మ వచ్చి కారు ముందు నిలబడింది. సెల్ఫ్ తిరిగింది, ఇంజను అందుకోలేదు. ఆవిడ పక్కకి తప్పుకుంది. తర్వాత అలివేలుమంగ తలమీద కొంగు లాక్కుని మెట్లు దిగింది. తాళం సగం తిరగ్గానే కారు స్టార్టయింది.

సురేష్‌బాబు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "బండిలో ఏ దోషమూ లేదండి. చిన్నమ్మగారు ఎదురు రావాలి, అంతే. చిన్నయ్యగారు అలా అలవాటు చేసేశారు."

"అదీ నిజమేలే" అన్నారు వెంకటపతిరాజు గారు. రేడియేటర్లో నీళ్ళు తగ్గాయని చెప్పినా ఆయన అలాగే అనేవారు.

ఆ సాయంత్రం అప్పాయమ్మ కాఫీ తాగకుండా గ్లాసు పక్కన పెట్టింది. "నేను నిలబడితే కదల్లేదు చూశావా అలివేలూ? కన్నతల్లిని" అంది. మళ్ళీ తనే, "దానికి నేనెలా తెలుస్తానులే. వాడు బయల్దేరేటప్పుడు నేనెప్పుడైనా ఎదురొచ్చానా?" అని అటు తిరిగి పడుకుంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కొత్త పద్ధతి వచ్చింది. కారూ కదలాలి, శకునమూ చెడకూడదు కదా! ముందు పెరటివైపు నుంచి అలివేలుమంగ తల దించుకుని ఎదురొచ్చేది. ఇంజను అందుకునేది. ఆవిడ వెంటనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. అప్పుడు వెంకటపతిరాజు గారు కారు దిగి, నాలుగు గుక్కల మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కి కూర్చుంటే, సుప్రజ చెంబుతో ఎదురొచ్చి ఆ దోషం తుడిచిపెట్టేది. వీధిలో వాళ్ళకీ ఇది అలవాటైపోయింది. అలివేలుమంగకి మాత్రం పెరటి మూల నుంచి కారు దాకా ఉన్న ఆ కాస్త దూరమే మిగిలిన కాపురం. ఎవరికైనా ప్రయాణం ఉందంటే ముందురోజు నుంచే ఆవిడ మనసు నిలిచేది కాదు.

ఇంద్రజ డిగ్రీ అయ్యాక పాలకొల్లు సంబంధం కుదిరింది. పెళ్ళి ఇంటి దగ్గరే చేశారు. కన్యాదానం వెంకటపతిరాజు గారూ సుప్రజా చేశారు. కూతురి మెళ్ళో తాళి పడటం అలివేలుమంగ సామాన్ల గది కిటికీలోంచి, ఎవరి భుజాల మీదుగానో చూసింది. ఫోటోలు తీసే అతను అడ్డొచ్చి అదీ సగమే కనిపించింది. తెల్లారాక పాలలో చేతులు ముంచి అప్పగింతలు పెట్టిందీ సుప్రజే. ఇక పిల్ల బండెక్కాలి. పెళ్ళివారు పూలు కట్టిన కొత్త కారు వాకిట్లో తెచ్చి నిలబెట్టారు.

"నేను నాన్న కారులోనే వెళ్తాను పెదనాన్నా" అంది ఇంద్రజ.

ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. ఆ కారు కదలాలంటే వాళ్ళమ్మ ఎదురు రావాలి.

"పెళ్ళికూతురికి ఆవిడ ఎదురేంటండీ, చోద్యం కాకపోతే! బంగారంలాంటి కొత్త కారుండగా" అంది పెళ్ళికొడుకు తల్లి.

ఇంద్రజ ఆవిడకి నమస్కారం పెట్టి, వెళ్ళి అంబాసిడర్ వెనక సీట్లో కూర్చుంది. "ఇది స్టార్టయితే వస్తానండి అత్తయ్యగారూ. లేకపోతే ఇందులోనే కూర్చుంటాను." పెళ్ళికొడుకు వాళ్ళమ్మ వైపు చూశాడు, కారు వైపు చూశాడు, వెళ్ళి భార్య పక్కన కూర్చున్నాడు.

కిటికీ దగ్గర అలివేలుమంగ అంతా వింది. పిచ్చిపిల్ల ఎంత పథకం వేసిందో! తల్లి మొహం చూసి వెళ్ళడానికి అదొక్కటే దారి అని ఎన్నాళ్ళ నుంచి మనసులో పెట్టుకుందో! ఆనందం పొంగుకొచ్చింది. ఆ వెంటే భయం కమ్ముకొచ్చి, ఆవిడ లేచి తలుపుకి లోపల్నుంచి గడియ పెట్టేసింది.

బయట సెల్ఫ్ తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది.

వెంకటపతిరాజు గారే స్వయంగా తలుపు దగ్గరికి వచ్చారు. "అమ్మా అలివేలూ, ఒక్కసారి బయటికి రామ్మా. పిల్ల దిగనంటోంది."

"వద్దండి బావగారూ. బతిమాలి ఆ కొత్త కారు ఎక్కించండి." కాపురానికి వచ్చాక ఆవిడ బావగారితో సూటిగా మాట్లాడటం అదే మొదలు. "మామూలు ప్రయాణాలు వేరు. దాని బతుక్కి నేనెదురు రాను."

ఆయన తిరిగి వాకిట్లోకి వెళ్ళిపోయారు.

పక్కన పీట మీద కూర్చున్న అప్పాయమ్మ కోడలి వైపు తిరిగింది. "వాడు పోయిన రోజు పొద్దున్న ఎదురెవరొచ్చారే?"

"నేనే" అంది అలివేలుమంగ. ఇన్నేళ్ళుగా గుండెలో దిగబడి ఉన్న మాట అది. "నేనే వచ్చానత్తయ్యగారూ. తలంటుకుని, పూలు పెట్టుకుని ఎదురొచ్చాను. సాయంత్రానికి ఆయన్ని మంచం మీద తీసుకొచ్చారు. ఇంక నా మొహానికేం విలువుందండీ?"

"ఆ రోజు నేనెక్కడున్నాను?"

అప్పాయమ్మ తను కూర్చున్న పీట మీద చేత్తో తట్టింది.

"ఇక్కడే ఉన్నాను. ఇదే పీట మీద. వాడు మొదటిసారి బడికెళ్ళిన రోజూ ఇక్కడే ఉన్నాను. నిన్ను చేసుకోవడానికి తరలి వెళ్ళిన రోజూ ఇక్కడే. నా కళ్ళు పడితే పిల్లాడికి ఏమవుతుందోనని, కన్నకొడుకు గడప దాటుతుంటే నలభై ఏళ్ళు గోడ వైపు తిరిగి కూర్చున్నాను" అంది ముసలావిడ. "బతికాడా? నువ్వు కనపడ్డావు, పోయాడు. నేను కనపడలేదు, అయినా పోయాడు. నాకు మిగిలిందేంటో చెప్పు. వాడు వెళ్తుంటే ఎలా ఉండేవాడో కూడా నాకు తెలీదు. నువ్వూ నాలాగే తయారవుతావా?"

బయట సెల్ఫ్ నీరసంగా మూలిగి ఆగిపోయింది. అలివేలుమంగ గడియ తీసింది.

పెరట్లోంచి కాదు, ఇంటి మధ్యలోంచి, పెళ్ళివాళ్ళందరి మధ్య నుంచి నడిచి వచ్చి, గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. కొంగు తలమీంచి జారినా సర్దుకోలేదు. అద్దంలోంచి కూతురు కనిపించింది. కాటుకంతా చెంపల మీదికి కారి, బుగ్గన చుక్క చెరిగి, అచ్చం చిన్నప్పుడు జాతరలో తప్పిపోయి దొరికిన నాటి మొహంలా ఉంది. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు తనివితీరా చూసుకున్నారు. అలివేలుమంగ అడుగు ముందుకు వేసింది. చిట్టియ్య చెయ్యి తాళం మీదికి వెళ్ళకముందే కారు స్టార్టయింది.

సుప్రజ చేతిలో నీళ్ళ చెంబు సిద్ధంగానే ఉంది. ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తలూపారు. సుప్రజ ఆ నీళ్ళు బంతి మొక్కల్లో పోసేసింది.

కారు పక్కనుంచి వెళ్తుంటే ఇంద్రజ చెయ్యి బయటికి చాపింది. వేళ్ళు తగిలాయి. ఆ తర్వాత వీధి నిండా దుమ్ము తప్ప ఏమీ లేదు. అలివేలుమంగ వంటవాళ్ళు గిన్నెలు కడుక్కునేదాకా ఆ గేటు దగ్గరే నిలబడింది.

మూడు నిద్రలయ్యాక చిట్టియ్య కారు వెనక్కి తెచ్చాడు. మర్నాడు పొద్దున వెంకటపతిరాజు దంపతులకి భీమవరం ప్రయాణం. అలివేలుమంగ చీర మార్చుకుని, తల దువ్వుకుని, పెరటివైపు నుంచి బయల్దేరింది. ఇంకా ఇంటి మూల తిరగనేలేదు, కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"బాగైపోయిందండి అమ్మగారూ! పాలకొల్లులోనూ ఇంతే, తిప్పితే చాలు" అన్నాడు చిట్టియ్య సంబరంగా. "ఇంక మీకు శ్రమ లేదండి."

"ఒక్కసారి ఆపి, మళ్ళీ తిప్పు చిట్టియ్యా" అందావిడ, గోడ వెనక్కి తప్పుకుని.

స్టార్టయింది.

ఆవిడ వెళ్ళి సామాన్ల గదిలో కూర్చుని తలుపు వేసుకుంది. "ఇప్పుడు తిప్పు" అని లోపల్నుంచి కేకేసింది. ఇంజను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఏ కారైనా స్టార్టయినట్టే స్టార్టయింది. ఆవిడ వాకిట్లోకి వచ్చి బానెట్ మీద చెయ్యి వేసింది, అలాగే మట్టిలో కూలబడిపోయింది. ఆయన శవం లేచిన రోజున రాని ఏడుపు, కూతుర్ని పంపిన రోజున దాచుకున్న ఏడుపు, అన్నీ కలిసి ఒక్కసారే వచ్చాయి.

అప్పాయమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వచ్చి, కోడలి పక్కన ఆ మట్టిలోనే కూర్చుంది. కారులో వాళ్ళిద్దరూ చూస్తున్నారు. లోపలికి వెళ్ళమని ఎవరూ అనలేదు. చిట్టియ్య పక్కనుంచి నెమ్మదిగా కారు పోనిచ్చి, గేటు దాటించాడు.

"ఆయన వెళ్ళిపోయారత్తయ్యగారూ" అంది అలివేలుమంగ.

"వెళ్ళాడు" అంది అప్పాయమ్మ, దుమ్ములో తెల్లగా చిన్నదైపోతున్న కారునే చూస్తూ. "పోనీలేవే. ఈసారి నేను చూశాను."