ఉస్తాదు మరణ ధ్రువీకరణ పత్రం

నీటిగడియారం మాస్టారు ఇరవై తొమ్మిదేళ్ళుగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే ఉండిపోయాడు. ఆయన దగ్గర పాఠాలు విన్నవాళ్ళు ప్రొఫెసర్లయ్యారు. ఒకడైతే ఏకంగా డీన్ కుర్చీ ఎక్కి, ఈయన సెలవు చీటీల మీద సంతకాలు పెడుతున్నాడు. మాస్టారు మాత్రం మెట్ల కింద గదిలో కూర్చుని, ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఒక యంత్రాల మేస్త్రిని పట్టుకుని వేళ్ళాడుతున్నాడు.

ఆ మేస్త్రిని ఈయన ‘ఉస్తాదు’ అంటాడు. ఒక సుల్తాను కొలువులో నీటితో నడిచే గడియారాలు, బొమ్మలు చేశాడట. నమాజు వేళ తెలిపేదొకటి, నమాజుకి ముందు చేతులు కడుక్కునేవాళ్ళకి నీళ్ళు పోసి తువ్వాలు అందించే రాగి బొమ్మ ఒకటి. మిగతా పరిశోధకులంతా వాటి చక్రాలు లెక్కపెడితే మాస్టారుకి మనుషులు కావాలి. బొమ్మ వచ్చాక నీళ్ళు పోసే మనిషి ఏ పనిలో చేరాడు, రాగి కొట్టినవాణ్ణి ఆలస్యం చేశాడని ఎవరు తిట్టారు, అంతా తవ్వి తీస్తాడు. మహా ఓపిక లెండి.

ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు. ఈలోగా తన గది తలుపు మీద ‘ప్రొఫెసర్’ అనే మాట ఒక్క నెలైనా చూసుకోవాలని ఆయన ఆశ. దరఖాస్తు పెట్టాడు. ఆఫీసు వెనక్కి పంపింది.

“కొత్త రూలు సార్,” అంది సెక్షన్ ఆఫీసరు. “మీరు ఎవరి మీద పరిశోధన చేశారో వాళ్ళ దగ్గర్నుంచి సంతృప్తి పత్రం తేవాలి. మీరు రాసింది సరిగ్గానే ఉందని.”

“ఆయన పోయి ఎనిమిది వందల ఏళ్ళయిందమ్మా.”

“అయ్యో పాపం,” అంది ఆవిడ, నిజంగానే నొచ్చుకుని. “అయితే డెత్ సర్టిఫికెట్ పెట్టేయండి, చాలు.”

కప్పల మీద పరిశోధన చేసినాయనకి మినహాయింపు ఇచ్చారు, కప్పలకి సంతకం రాదని. ఉస్తాదుకి ఆ అదృష్టం లేదు. చదువుకున్నవాడు మరి.

మాస్టారు మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా తలెత్తకుండా, “ఏ ఆస్పత్రిలో పోయారు?” అన్నాడు. ఆస్పత్రి తెలీదంటే, తెలుసుకుని రమ్మన్నాడు. మాస్టారు కాళ్ళీడ్చుకుంటూ మళ్ళీ సెక్షన్ ఆఫీసరు దగ్గరికొచ్చాడు.

“పోనీ నేనే రాసిస్తానమ్మా, ఆయన లేడని.”

“మీ మాట చెల్లదు సార్. మీ ఫైలు మొత్తం చదివాను.” ఆవిడ ఒక వ్యాసం తీసింది. “‘ఉస్తాదు మరణానికి సంబంధించి ఒక్క ఆధారమూ లేదు’ అని నలభై పేజీల్లో మీరే రుజువు చేశారుగా.”

మాస్టారు గతుక్కుమన్నాడు. ఆయన రాసినవాటిలో నలుగురికీ తెలిసింది అదొక్కటే. అంతకుముందు అందరూ ఉస్తాదు పోయింది ఫలానా సంవత్సరమని చెప్పేవాళ్ళు. ఆ ఏడు పోయింది ఉస్తాదు కాదని, పాత పుస్తకానికి నకలు రాసినవాడు ఇంకెవరి చావునో తెచ్చి ఈయనకి అంటగట్టాడని తేల్చడానికి మాస్టారుకి ఆరేళ్ళు పట్టింది.

“ఎప్పుడు పోయాడో తెలీదన్నాను. పోలేదనలేదమ్మా.”

“ఆధారం లేనిదే ఆఫీసు నమ్మదు సార్. మీ వ్యాసం తప్పు, పాత సంవత్సరమే ఒప్పు అని ఈ ఫారం నింపండి. సాయంత్రానికల్లా మీరు ప్రొఫెసర్.”

ఫారం చేతిలో పెట్టుకుని ఇంటికొచ్చి, భార్యకి జరిగిందంతా చెప్పాడు.

“ఆ ఏడే రాసి పడేయండి,” అందావిడ. “ఆయనేమన్నా కోర్టుకెక్కుతాడా?”

“ఎక్కడు.”

“మరింకేంటి? పెళ్ళయినప్పట్నుంచీ మనింట్లో ముగ్గురం. సంతకంతో పోయే మనిషని తెలిస్తే నేనే ఎప్పుడో పెట్టేదాన్ని.”

మర్నాడు మాస్టారు మనసు రాయి చేసుకుని ఆఫీసుకెళ్ళి, సెక్షన్ ఆఫీసరు ఎదురుగా కూర్చున్నాడు. ఉస్తాదు పేరు రాశాడు. వృత్తి రాశాడు. పంటిబిగువున ఆ దొంగ సంవత్సరమూ రాశాడు. కింద ఇంకో గడి ఉంది: ‘మరణించిన వ్యక్తిని మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?’

కలం ఆగిపోయింది. అబద్ధం ఒకటి ఎలాగూ రాశాడు, ఇంకొకటి రాయలేకపోయాడా అంటే, రాయలేకపోయాడు. ఆ పొద్దున ఆఫీసుకి వచ్చేముందు కూడా ఉస్తాదు గీసిన బొమ్మలు తిరగేశాడు. తువ్వాలు ముందు రాగి బొమ్మ ఎడమ చేతికిచ్చి, బాగాలేదని కొట్టేసి, కుడి చేతికి మార్చాడు మహానుభావుడు. ఆ కొట్టివేత ఇన్నేళ్ళలో ఎప్పుడూ కంటబడలేదు. చూసి ఒక్కడే నవ్వుకున్నాడు కూడా.

గడిలో ‘ఈ రోజు పొద్దున’ అని రాశాడు. పైనున్న సంవత్సరాన్ని కొట్టేశాడు. ఫారం ఆవిడ ముందుకు తోశాడు.

“సార్, ఇలా రాస్తే ఆయన బతికున్నట్టే.”

“అవునమ్మా.”

“మరి మీ ప్రమోషను?”

“వద్దులే,” అన్నాడు మాస్టారు. తలుపు మీది ఆ మాట ఇక ఈ జన్మకి లేదని తెలిసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ ఫారాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టింది. పెట్టి, “అంత దిగులెందుకు సార్? బతికే ఉన్నాడుగా, సంతృప్తి పత్రం ఆయన్నే అడగండి. ఇంకా రెండు నెలలుంది,” అంది.

మాస్టారు లేచాడు. “అడుగుతానమ్మా,” అన్నాడు.

అనైతే అన్నాడు గానీ, మెట్లు దిగుతుంటే, తను రాసినవన్నీ చదివి ఉస్తాదు ఏమంటాడోనని ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి భయం వేసింది.