గుండం బండిలో సీటు

ఇరవై రెండేళ్ళ కాపురంలో అనంతమ్మ ఒంటిమీద వేడినీళ్ళు పడింది మూడు పురుళ్ళప్పుడే. రోజూ తెల్లారకముందే కట్టెల పొయ్యిమీద కాగు పెట్టేది ఆమె. మొదటి బకెట్టు మామకు, రెండోది మొగుడు ఐలయ్యకు, తర్వాత పిల్లలకు. ఆమె వంతుకు కాగు అడుగు కనపడేది. చన్నీళ్ళు పోసుకుని డ్యూటీకి ఉరికేది. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై నాలుగేళ్ళు. విమానాశ్రయం కింద పోయిన తమ జొన్నచేను ఉన్న దిక్కునే ఇప్పుడు ఆమె నున్నటి బండలు తుడుస్తుంది. తడిలో నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేశాయి. ఐలయ్యకు మాత్రం చేను పోయిందని చెప్పుకు తిరగడమే పని.

తోటి పనామె ఈరమ్మ మహారాష్ట్రలోని ఉనకేశ్వర్ వేడినీళ్ళ గుండానికి పదిమంది పట్టే తుఫాన్ బండి మాట్లాడింది. మూడు మునకలేస్తే పట్టిన కీళ్ళు వదులుతాయని ఆ గుండానికి పేరు. ఎవరూ కాచనక్కరలేని నీళ్ళు! ఆ మాటకే అనంతమ్మ మనసు పోయింది. పోతానంటే ఐలయ్య నవ్వాడు. "ఇంట్ల నీళ్ళు లేవా, తానానికి గంత దూరం పోతవా?" నవ్వాడు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకుంది. అదే తప్పు.

బయల్దేరే ముందురోజు డ్యూటీలో ఈరమ్మ అడిగింది. "ఏందక్కా, నీ సీటు మీ ఆడిబిడ్డకిచ్చినవట? ఐలయ్యన్న ఫోన్ జేసిండు."

తుడుపుకర్ర ఆగిపోయింది. తన పుస్తెలతాడు గుండ్లు ఆడబిడ్డ మెడలోకి పోయినప్పుడు "ఇంటి మనిషే గదా" అన్నాడు. బాలింత మంచం మామకు వేసినప్పుడు "ముసలోడు గదా" అన్నాడు. ప్రతిసారీ తనకన్నా ఎక్కువ నొప్పి ఉన్నవాళ్ళు అతనికి ఎవరో ఒకరు దొరికారు. ప్రతిసారీ తనే తలూపింది.

"నేనియ్యలే. సీటు నాదే. పేరు మార్చకు."

ఇంటికొస్తే ఐలయ్య మంచం దిగలేదు.

"అక్కకు మాటిచ్చిన. నువ్వు మల్లొచ్చే యేడు పోదువు తీ. ఇప్పుడు కాదంటే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"ఇచ్చింది నువ్వు. కాదని చెప్పేది గూడ నువ్వే."

"మరి బాపుకు ఎవరు జేస్తరు?"

"కొడుకువు గదా."

"నలుగురు అడిగితే ఏం జెప్పాలె?"

అనంతమ్మ రెండు చీరలు మడిచి సంచిలో పెట్టింది. "నీ ఇష్టమొచ్చింది చెప్పుకో. నేను పోతున్న. ఇగ ఈ ముచ్చట నా నోట మల్ల రాదు."

రాలేదు. గుండం ఎట్లుంది, నొప్పులు తగ్గినయా అని ఆమె తిరిగొచ్చాక ఐలయ్య ఎన్నిసార్లు అడిగినా, ఆమె ఒక్క ముక్క చెప్పలేదు.