నీళ్ళలో మిగిలిన ఇల్లు

అక్క స్టూడియోలోకి వచ్చేసరికి ఫోటోగ్రాఫర్ ఒక పెళ్ళికూతురి బుగ్గ మీద మచ్చ తుడుస్తున్నాడు. ఊళ్ళో అతన్ని మచ్చల డాక్టరు అంటారు. ఇదివరకు కుంచెతో తుడిచేవాడు, ఇప్పుడు కంప్యూటర్ మీద తుడుస్తున్నాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

"ఆ పిల్ల బుగ్గ ఎక్కడికీ పోదుగానీ, ఇటు తిరగరా," అంది అక్క.

సంచిలోంచి నోటీసు తీసి బల్ల మీద పెట్టింది. ఏటిగట్టు మీద పంతొమ్మిది ఇళ్ళు ఉన్నాయి. అవన్నీ ఈమధ్య కట్టుకున్నవని, నెలాఖరుకల్లా ఖాళీ చేయాలని మున్సిపాలిటీ రాసింది. పాతికేళ్ళకు ముందు నుంచీ ఉన్నట్టు రుజువు చూపిస్తే పట్టాలిస్తారు. విచారణ గురువారం.

అక్క పెళ్ళయి ఆ గట్టు మీదికి వెళ్ళి ముప్పై ఒక్క ఏళ్ళు. బావ పడవలు చేసేవాడు. ఇల్లు కూడా తనే కట్టాడు. అప్పట్లో గట్టు ఊరి హద్దులోకి రాదు కాబట్టి ఆ ఇళ్ళకు నంబర్లు లేవు, పన్ను రసీదులూ లేవు. బావ పోయి ఆరేళ్ళయింది.

"కాగితాల్లేకపోతే ఫోటో అయినా చాలన్నారట," అంది అక్క. "మా తమ్ముడు ఏటేటా తీశాడు, మీరేం బెంగపడకండి అని గట్టంతా చెప్పి వచ్చాను. తియ్యి మరి."

ఏటేటా తీసిన మాట నిజం. చలికాలంలో గాలి లేని పొద్దున, వంతెన మూడో స్తంభం దగ్గర నిలబడి అతను ఏటిగట్టును ఫోటో తీసేవాడు. అది మున్సిపాలిటీ గోడ క్యాలెండర్ మీద వచ్చేది. అడుగున అతని సంతకం, సంవత్సరం. అలా ఇరవై ఎనిమిదేళ్ళు తీశాడు. ఆ క్యాలెండర్ ప్రతి ఏడూ అక్క ఇంట్లో కూడా వేలాడేది.

అతను స్టూలు ఎక్కి అటక మీది పెట్టెలు దించాడు. మూత తీయకుండా వాటి పక్కనే కూర్చున్నాడు.

"వీటిలో మీ ఇల్లు లేదక్కా."

"చెట్టు వెనకుందన్నావు కదరా. మొదటిసారే అడిగాను. మా ఇల్లేదిరా అంటే చెట్టు వెనకుందన్నావు."

"చెట్టు నేను గీసిందే."

అక్క గోడ మీది పెళ్ళిళ్ళ ఫోటోలు చూసింది.

"చెప్పు," అంది.

చెప్పాడు. మొదటి ఏడు ఫోటో పట్టుకెళితే ఆఫీసు గుమాస్తా పెదవి విరిచాడు. ఊరి అందం చూపించమంటే ఈ రేకులు, ఆరేసిన బట్టలు ఏమిటన్నాడు. స్టూడియో పెట్టి అప్పటికి నాలుగు నెలలు. ప్రింటు మీద కుంచెతో ఇళ్ళ చోట చెట్లు గీసి, దాన్ని మళ్ళీ ఫోటో తీసి ఇచ్చాడు. గుమాస్తా భుజం తట్టాడు. మరుసటి ఏడు ఎవరూ చెప్పకముందే గీశాడు.

"అసలువి ఉంటాయిగా? గీయకముందువి?"

"పారేశాను."

పారేయడానికీ కారణం ఉంది. స్టూడియో పెట్టిన కొత్తలోనే ఒక పెళ్ళివారు గొడవపడి మేనత్తను ఫోటోలోంచి తీసేయించారు. రెండు నెగెటివ్‌లూ ఒకే కవరులో ఉండిపోయాయి. నెల తర్వాత ఇంకో కాపీ అడిగితే పొరపాటున మొదటి దాంతో ప్రింటు వేసి పంపాడు. మేనత్త నిక్షేపంలా మధ్యలో నిలబడి ఉంది. పెళ్ళివారు స్టూడియోకొచ్చి రభస చేశారు. ఆ రోజు నుంచి ఒక పనికి ఒకటే నెగెటివ్. తుడిచింది ఉంటుంది, అసలుది చెత్తలోకి పోతుంది.

"మీ గట్టు మీద ఎవరి దగ్గరా ఫోటోలు లేవా?" అని అడిగాడు.

"ఎందుకు లేవు, ఇంటింటా ఉన్నాయి. అన్నీ నీ దగ్గర దిగినవే. ఇంటి ముందు వెలుతురు బాగుండదు, స్టూడియోకి రండి అన్నావు. అందరం వచ్చి నీ తెర ముందు కూర్చున్నాం. ఎవరి ఫోటో చూసినా వెనక ఆ గులాబీ తోటే."

అక్క మొదటి పెట్టె మూత తనే తెరిచింది. భూతద్దం అడిగి తీసుకుని ఒక్కో క్యాలెండరు ఫోటో చూడటం మొదలుపెట్టింది. అతను వద్దనలేదు. తన చేతిపని సంగతి తనకు తెలుసు. అయినా పక్కనే నిలబడ్డాడు.

మధ్యాహ్నం దాటాక అక్క అతన్ని పిలిచింది. అన్నిటికన్నా పాత ఫోటో ఆమె చేతిలో ఉంది. గట్టు మీద చెట్లున్నాయి. గట్టు కింద, నీళ్ళలో, తలకిందులుగా ఒక ఇంటి కప్పు ఉంది. పక్కన బట్టలారేసిన తాడు.

"ఇది మాదే," అంది. "ఆ వాలు చూడు. మీ బావకి కొలత తప్పి ఎడమ పక్క జారిపోయింది. జన్మంతా దెప్పాను ఆయన్ని."

నీళ్ళలో నీడ తుడవాలని మొదటి ఏడు అతనికి తట్టలేదు. రెండో ఏటి నుంచి తట్టింది.

గురువారం గట్టు మీదివాళ్ళంతా ఆఫీసు వరండాలో నిలబడ్డారు. అధికారి ఈ ఊరికి కొత్త. మాట మెత్తన. బల్ల మీద అప్పటికే ఇరవై ఎనిమిది క్యాలెండర్లు ఉన్నాయి. ఇళ్ళు లేవనడానికి మున్సిపాలిటీ చూపించిన సాక్ష్యం అవే.

ఫోటోగ్రాఫర్ మొదటి ఏటి క్యాలెండర్‌ను తిప్పి చూడమన్నాడు. అధికారి తలకిందులు చేసి చూశాడు.

"నిజమే, ఇంటి కప్పులాగే ఉంది."

వరండాలో ఎవరో "హమ్మయ్య" అన్నారు.

"మరి గట్టు మీద ఇల్లేదండీ?"

"నేనే తుడిచేశాను సార్."

"మిగతా ఇరవై ఏడింటిలో?"

"వాటిలోనూ."

"నీళ్ళలో కూడా?"

"మొదటిసారి మర్చిపోయాను. తర్వాత నేర్చుకున్నాను."

అధికారి కలం మూత పెట్టాడు. "కోప్పడకండి, నేను రాసుకోవాలి కాబట్టి అడుగుతున్నాను. గట్టు మీద చెట్లు గీసిన చెయ్యి నీళ్ళలో ఇల్లు గీయలేదని ఎలా రాయను?"

"చెట్లు చూడండి సార్. గీసినవే. దగ్గరగా చూస్తే కుంచె గీతలు దొరుకుతాయి."

సంచిలోంచి భూతద్దం, నెగెటివ్‌లు తీసి ఇచ్చాడు. అధికారి వాటిని కిటికీకి ఎదురుగా పెట్టి ఒక్కొక్కటే చూశాడు. తొందరపడలేదు. పక్కనున్న సర్వేయర్‌కి ఇచ్చాడు. అతనూ చూశాడు.

"దొరకడం లేదండీ," అన్నాడు అధికారి. "ఆకు నీడతో సహా ఉంది. గీసినవే అయితే చాలా బాగా చేశారు."

"థాంక్సండీ," అన్నాడు ఫోటోగ్రాఫర్. ఇన్నేళ్ళుగా ఎవరు పని మెచ్చుకున్నా నోట్లోంచి వచ్చే మాట అది. నోరు జారాక వెనక్కి తిరిగి చూశాడు. అక్క గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. అతన్ని చూడటం లేదు.

ఆ సాయంత్రానికే ఆర్డరు వచ్చింది. ఛాయాచిత్రాల ఆధారంగా సదరు గట్టుపై పాతికేళ్ళ కిందట కట్టడాలు లేవని తేలినది అని ఉంది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు అతను కెమెరా తీసుకుని గట్టు మీదికి వెళ్ళాడు. ఇళ్ళ ముందు మంచాలు, గిన్నెలు, మూటలు ఉన్నాయి. ఎవరూ పలకరించలేదు. ఒక ముసలాయన మాత్రం, "రావయ్యా డాక్టరూ, ఇక్కడ పెద్ద మచ్చే ఉంది, పోగొట్టడానికి వచ్చావా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అక్క ఇంటి ముందు స్టూలు వేసుకుని తలుపు బందులకున్న మరలు విప్పుతోంది.

"మా మేడ మీద గది ఖాళీగానే ఉందక్కా. వచ్చెయ్యి."

"చెల్లెలి దగ్గరికి పోతున్నాను."

"దాని ఇల్లే ఇరుకు కదా."

"ఇరుకే. సర్దుకుంటాం."

అతను కెమెరా మూత తీశాడు. "ఒక్క ఫోటో తీసుకుంటాను. ఉన్నది ఉన్నట్టు."

"ఎవరికి చూపిస్తావు?"

అక్క పై మర ఊడదీసి నోట్లో పెట్టుకుంది. రెండోది తుప్పుపట్టి కదలలేదు. స్క్రూడ్రైవర్ వెనక్కి తిప్పి రెండు దెబ్బలు కొట్టింది. నోట్లో మర తీసి కొంగున ముడేసుకుని, అతని వైపు చూడకుండానే అంది.

"దాన్ని అక్కడ పెట్టి ఇటు రా. నేను విప్పుతుంటే కింద పట్టుకో."

కెమెరా మూట మీద పెట్టి వచ్చి, వంగి తలుపును రెండు చేతులా పట్టుకున్నాడు. చివరి మర ఊడింది. బరువంతా ఒక్కసారి అతని మీదికి వచ్చింది.

"వదిలెయ్యకు," అంది అక్క. "అది మీ బావ చేసిన తలుపు."