ఒకసారి కరిగితే

ఫ్రీజర్ తలుపు అంచున పేరుకున్న మంచును ప్లాస్టిక్ బద్దతో గీకుతుండగా ఆమె ఎడమ భుజం మళ్లీ లాగింది. చేయి మార్చుకుని గీకడం కొనసాగించింది. సున్నాకు ఎనభై డిగ్రీల దిగువన ఉండే ఆ పెట్టెలో ఏ అరలో ఏ నమూనా గొట్టం ఉందో కళ్లు మూసుకున్నా చెప్పగలదు. భర్త పోయాక గాజుసామాను కడగడానికి ఈ ల్యాబ్‌లో చేరింది. ఇరవై ఆరేళ్లలో మిగతా పనులన్నీ చూసి చూసి నేర్చుకుంది. పరిశోధకులు ఆమెను ఫ్రీజరమ్మ అనేవారు. ఎదురుగానే అనేవారు.

పదిన్నరకు పార్సెల్ వచ్చింది, రెండు రోజులు ఆలస్యంగా. దాని వెనకే పరిశోధకురాలు ఆయాసపడుతూ వచ్చింది. మనిషి ఒంట్లో ఉండే ఒక ప్రొటీన్‌ను బ్యాక్టీరియా చేత తయారుచేయించి, శుద్ధిచేసి పంపిన గొట్టాలవి. మంచి కణాల జోలికి పోకుండా క్యాన్సర్ కణాలను మాత్రమే అది చంపుతుందని రుజువు చేయడమే ఆ అమ్మాయి ఐదేళ్ల చదువు. చివరి ప్రయోగం రేపు. గడువు నెలాఖరు.

ఫ్రీజరమ్మ పార్సెల్ మూత తీసింది. గొట్టాలు కరగకుండా పెట్టె నిండా ఉండాల్సిన డ్రై ఐస్ అడుగున గుప్పెడు మిగిలింది. ఒక గొట్టాన్ని వెలుతురులో వంచి చూసింది. లోపలి చుక్క జారింది.

“గడ్డకట్టే వచ్చిందని రాసెయ్యండక్కా,” అంది పరిశోధకురాలు గొంతు తగ్గించి. “లోపల పెడితే మళ్లీ గడ్డకడుతుంది కదా.”

“గడ్డకడుతుంది. పనిచేస్తుందో లేదో ఎవరు చెప్తారు?”

“నేనడిగేది ఒక్క సంతకం!”

ఆమె పెన్ను పక్కన పెట్టింది. “పరీక్ష పెడతానమ్మాయ్. నాలుగు గంటలు ఓపిక పట్టు.”

అంతలో కూతురు ఫోన్ చేసింది. “మూడింటికి డాక్టరు, గుర్తుందా? ఆ చెయ్యి నొప్పి సంగతేంటో ఇవాళ తేలిపోవాలి.”

“ఇవాళ కుదరదే. రేపటికి మార్చు.”

“రేపు రేపంటూ పది రోజులైందమ్మా!”

“కణాలు నా కోసం ఆగవే తల్లీ,” అని పెట్టేసింది.

పదకొండున్నరకు క్యాన్సర్ కణాలున్న ప్లేటు తీసింది. దాని ఒక గుంటలో, ఇంతకుముందు పార్సెల్‌లో వచ్చిన పాత ప్రొటీన్‌లో మిగిలిన చుక్క వేసింది, ఇంకోదాంట్లో కొత్తది. మూడోదాన్ని ముట్టుకోలేదు.

ల్యాబ్ పెద్ద సారు వచ్చి వాచీ చూసుకున్నాడు. “ఇంత చిన్నదానికి ఇంత తంతా? రాసి పారేయమ్మా.”

“మూడున్నరకు చెప్తాను సార్.”

ఆయన విసుక్కుంటూ వెళ్లాడు. అరచేతుల్లో చెమట పట్టి ఆమె చేతి తొడుగులు మార్చుకుంది. చేరిన కొత్తలో ఒకసారి కరెంటు పోయింది. కరిగిన గొట్టాలను ఉద్యోగ భయంతో మళ్లీ గడ్డకట్టించి, నోరు కుట్టేసుకుంది. ఒక పరిశోధకుడు ఏడాదిపాటు పొంతనలేని ఫలితాలతో తల బద్దలుకొట్టుకుని, తనకు తెలివి లేదనుకుని చదువు మానేసి వెళ్లిపోయాడు. ఈ సంగతి కూతురికి కూడా తెలియదు.

మూడున్నరకు ఆమె మైక్రోస్కోపు మీదికి వంగింది. పాత ప్రొటీన్ వేసిన కణాలు ముడుచుకుని, చితికి తేలుతున్నాయి. కొత్తది వేసినవి, ఏమీ వేయనివి ఒకేలా, నిక్షేపంగా పరుచుకుని ఉన్నాయి.

“నువ్వే చూడు,” అని పక్కకు జరిగింది.

పరిశోధకురాలు చాలాసేపు చూసింది. తలెత్తేసరికి కళ్లు ఎర్రబడ్డాయి. “మీ మొండితనానికి నా ఐదేళ్లు బలి. సంతోషమేగా?” తలుపు దడాలున మూసి వెళ్లిపోయింది.

ఫ్రీజరమ్మ ఫొటోలు తీసి, పార్సెల్ వచ్చిన వేళ, తెరిచిన వేళ రాసి, “కరిగి వచ్చింది. పనిచేయడం లేదు” అని కింద సంతకం పెట్టింది. ఆఫీసు గుమాస్తా ఆ కాగితాలను గొట్టాలు పంపిన కంపెనీకి పంపేదాకా బల్ల దగ్గరే నిలబడింది. తర్వాత బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, కూతురికి “రేపు తప్పకుండా వస్తా” అని మెసేజ్ పెట్టింది.

ఆఖరి స్టాపులో అందరూ దిగాక, కిటికీకి తల ఆనించి కూర్చున్న ఆమెను కండక్టర్ రెండుసార్లు పిలిచాడు. భుజం తట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, డ్రైవర్ని ఇంజన్ ఆపమన్నాడు.

తొమ్మిదో రోజున కంపెనీ వేరే గొట్టాలు పంపింది. అవి రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. పరిశోధకురాలు వేళ రాసి, సంతకం చేసి, తడబడుతూ తనే అర వెతికి పెట్టింది. బయటికి వస్తుంటే ఫ్రీజర్ గది గుమ్మం పక్కన, ఫ్రీజరమ్మ ల్యాబ్‌లో మాత్రమే వేసుకునే నీలం రబ్బరు చెప్పుల జత, ఎడమది మడమ దగ్గర బాగా అరిగి, గోడవైపు తిరిగి ఉంది.